పిలుపు వినిపించేంత దూరంలో ఒక తోట

"ముందు వైపు స్థలం బోసిగా ఉంది మేడమ్, కాస్త పచ్చగా కనపడేటట్టు చెయ్యండి." ఆసుపత్రి వాళ్ళు నాకు అప్పగించిన పని ఇంతే. కర్నూలు ఊరి చివర ఒక ట్రస్టు నడిపే ఆసుపత్రి అది. ఎముకల విభాగం, కాన్పుల వార్డు, డయాలసిస్, ఐసీయూ, కీమో ఎక్కించే చిన్న డే కేర్ వార్డు ఉన్నాయి. మన జిల్లా వాళ్ళే కాదు, నంద్యాల నుంచి, తుంగభద్ర అవతల అలంపూర్, గద్వాల నుంచి, రాయచూరు వైపు నుంచి కూడా పేషెంట్లు వస్తారు. ఎవరో గీసిచ్చిన ప్లాను అప్పటికే వాళ్ళ దగ్గర ఉంది. గేటు పక్కన లాన్, మధ్యలో ఫౌంటెన్, అంచుల్లో క్రోటన్లు, సిమెంటుతో చేసిన జింకలు, కొంగలు.

నేను ల్యాండ్‌స్కేప్ డిజైనర్ని. ఇళ్ళకు, కాలేజీలకు తోటలు వేశాను గానీ ఆసుపత్రి పని అదే మొదలు. అందుకని కాగితం మీద గీత పెట్టకముందు కొన్నాళ్ళు ఆవరణలో ఊరికే కూర్చుంటాననీ, పగలూ రాత్రీ వేర్వేరు వేళల్లో వస్తాననీ అడిగాను. సూపరింటెండెంట్ డాక్టరమ్మ వెంటనే ఒప్పుకున్నారు. నేను ఈ పనిలో నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం ఆ కూర్చోవడంలోనే దొరికింది.

గేటు పక్కన అప్పటికే ఒక చిన్న గడ్డి మడి, రెండు సిమెంటు బెంచీలు ఉండేవి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కూడా అక్కడ ఎవరూ కూర్చునేవారు కాదు. జనమంతా ఎక్కడున్నారంటే, వెనక బ్లాకు మెట్ల మీద, ఐసీయూ వరండా గోడవారన, బైకులు పెట్టే చోట ఒక పాత వేపచెట్టు కింద. బైకుల మధ్య సంచులు పరుచుకుని పడుకునేవాళ్ళు. కోడుమూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దామె మెట్ల మీద కూర్చుని ఉంటే పక్కన కూర్చుని అడిగాను, ముందర బెంచీలున్నాయి కదా అవ్వా, అక్కడ గాలి కూడా వస్తుంది అని. ఆమె నన్ను వింతగా చూసింది.

"ఆడ కూచుంటే పిలిస్తే యినపడదు కదమ్మా. నా కొడుకు లోపల ఉండాడు. మందులు తెమ్మంటారు, రగతం తెమ్మంటారు. ఒక్కపారి పలక్కపోతే ఎట్ల?"

నాకు ఆ మాటతో ప్లాను మొత్తం మారిపోయింది. మన ఆసుపత్రుల్లో పేషెంటుతో వచ్చిన మనిషి చుట్టపుచూపుగా వచ్చిన మనిషి కాదు. రాత్రింబవళ్ళు అక్కడే ఉంటుంది. మందుల చీటీ పట్టుకుని పరిగెత్తేది, స్కానింగుకు స్ట్రెచర్ తోసేది, సంతకం పెట్టేది ఆ మనిషే. ఆమెకు మంచం లేదు, గది లేదు, భోజనం వేళ లేదు. ఉన్నదల్లా ఒక భయం. తలుపు తెరిచి సిస్టర్ "ఫలానా పేషెంటు తాలూకు ఎవరు?" అని కేకేసినప్పుడు తను అక్కడ లేకపోతే ఏమవుతుందో అని. ఆ కేక వినపడని చోట నందనవనం వేసినా ఆమె అందులో అడుగు పెట్టదు. కాబట్టి తోట ముందు వైపు కాదు, వెనక వైపు ఉండాలి. ఐసీయూ తలుపు కనిపించాలి, పిలుపు వినిపించాలి.

ఇది ట్రస్టు వాళ్ళకు చెప్పి ఒప్పించడం అంత తేలిక కాలేదు. రోడ్డు మీద పోయేవాళ్ళకు కనిపించని తోట ఎందుకని వాళ్ళ ప్రశ్న. అందులో ఒక పెద్దాయన సూటిగా అడిగారు: "చెట్లు చూస్తే జబ్బు తగ్గుతుందామ్మా?" నేను రోజర్ ఉల్రిచ్ అనే అమెరికా పరిశోధకుడు చేసిన పని గురించి చెప్పాను. 1984లో సైన్స్ పత్రికలో వచ్చింది. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక ఆసుపత్రి. 1972 నుంచి 1981 దాకా పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్ళ రికార్డులు తీసి, ఒకే రకమైన వార్డులో కిటికీలోంచి చెట్లు కనిపించే గదుల్లో ఉన్న 23 మందిని, ఇటుక గోడ కనిపించే గదుల్లో ఉన్న 23 మందిని జతలు జతలుగా పోల్చాడు. వయసు, ఆడా మగా, పొగతాగే అలవాటు లాంటివన్నీ కలిసేటట్టు చూసుకున్నాడు. చెట్లు కనిపించినవాళ్ళు సగటున ముప్పావు రోజు ముందే ఇంటికి వెళ్ళారు. బలమైన నొప్పి మందులు తక్కువ వాడారు. నర్సులు రాసుకున్న నోట్సులో వాళ్ళ గురించి దిగులు మాటలు తక్కువ.

బోర్డులో ఉన్న సర్జన్ గారు, "46 మంది మీద చేసిన స్టడీ కదా" అన్నారు. నిజమే. చెట్టు ఎముకను అతికించదు, గడ్డను కరిగించదు. అలా ఆశ పెట్టడం పాపం కూడా. నేను చెప్పదలచుకున్నది అంతకంటే చిన్న విషయం. ఆసుపత్రిలో మనిషికి దేనిమీదా అదుపు ఉండదు. ఎప్పుడు తినాలో, ఎప్పుడు పడుకోవాలో, ఏ సూది ఎప్పుడు గుచ్చుతారో అన్నీ వేరేవాళ్ళు చెబుతారు. ఉల్రిచ్ తర్వాత రాసినదాంట్లో ఆసుపత్రి తోట నాలుగు పనులు చెయ్యాలంటాడు. మనిషికి కాస్త అదుపు తిరిగి ఇవ్వాలి, తోడు దొరికే చోటు ఉండాలి, కాళ్ళు కదలాలి, మనసు కాసేపు బాధ మీంచి పక్కకు పోవాలి. ఎండలో కూర్చోనా నీడలోనా, ఒంటరిగానా నలుగురిలోనా అని ఎంచుకోగలగడం ఇంట్లో ఉన్నవాళ్ళకు లెక్కలోకి రాదు. పది రోజులు మంచం మీద ఉన్న మనిషికి అది చాలా పెద్ద విషయం. పెద్దాయన చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి ముందు వైపు నాలుగు కానుగ మొక్కలు పెట్టి వదిలేద్దాం, డబ్బు వెనక్కే పెట్టండి అన్నారు.

సిమెంటు బొమ్మల గురించి మాత్రం నేను గట్టిగా పట్టుబట్టాను. అమెరికాలో ఒక ఆసుపత్రి తోటలో లోహంతో చేసిన పక్షి శిల్పాలు పెడితే, కళగా అవి మంచివే అయినా, క్యాన్సర్ పేషెంట్లు వాటిని చూసి భయపడ్డారట. తీసేయాల్సి వచ్చింది. జ్వరంతో, మందుల మత్తుతో ఉన్న కళ్ళకు ఏ ఆకారం ఎలా కనబడుతుందో మనం చెప్పలేం. చెట్టు చెట్టులాగే కనిపిస్తుంది.

తర్వాత నేను చేసిన పని వార్డుల్లో ఖాళీ మంచాల మీద పడుకుని చూడటం. సిస్టర్లు ఆశ్చర్యపోయారు గానీ అడ్డుచెప్పలేదు. నిలబడి చూస్తే కిటికీలోంచి నేల కనిపిస్తుంది. పడుకుంటే కనిపించేది ఆకాశం, ఎదురు బ్లాకు గోడ పైభాగం, నీళ్ళ ట్యాంకు. కిటికీ గట్టు మూడడుగుల ఎత్తున ఉంటే దాని కింద ఎన్ని పూల మడులు వేసినా పడుకున్న మనిషికి ఒక్క పువ్వు కూడా కనబడదు. కాన్పుల వార్డు మంచాల మీద నుంచి చూస్తే జనరేటర్ గది రేకులు తప్ప ఏమీ లేదు. అందుకే వార్డుల పక్క పూల మొక్కల డబ్బు తగ్గించి కాస్త ఎదిగిన చెట్లకు పెట్టాం. జనరేటర్ గది మీదికి తీగ పాకించాం. కొమ్మ గాలికి ఊగడం, దాని మీద ఉడత పరిగెత్తడం పడుకున్న చోటి నుంచే కనబడాలి.

ఇక నడక దారి. బయటివాళ్ళకు తోట అంటే మొక్కలు. ఆసుపత్రి తోటలో అన్నిటికన్నా ఎక్కువ ఆలోచన, ఎక్కువ ఖర్చు దారికే అవుతుంది. ఆ స్థలంలో పైన మట్టి మామూలుగా ఉన్నా కింద నల్లరేగడి. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. దాని మీద నేరుగా బండ పరిస్తే రెండు వానాకాలాలకు ఒకటి పైకి, ఒకటి కిందికి. మనలాంటివాళ్ళం దాటుకుని పోతాం. వాకర్ పట్టుకుని నడిచే ముసలాయన అక్కడ పడతాడు. అందుకని దారి పొడవునా రేగడి తవ్వి తీసేసి, మొరం పోసి, రోలర్‌తో తొక్కించి, దాని మీద కాంక్రీటు వేసి అప్పుడు బండ పరిచాం. మేస్త్రీ మొదట్లో, "మేడమ్, లారీలు పోతాయా ఏంది ఈడ?" అని అడిగాడు. సెలైన్ స్టాండుకు ఉండే చిన్న చక్రాలు తెప్పించి బండల సందుల మీద తోసి చూపించాను. పావు అంగుళం సందులో కూడా చక్రం ఇరుక్కుంటుంది, స్టాండు ఊగుతుంది, చేతికున్న సూది లాగుతుంది. ఆ తర్వాత అతనే ప్రతి సందూ వేలితో తడిమి చూసి పూడ్చాడు. అంత నిష్ఠగా చేసిన మేస్త్రీని నేను ఇంకో చోట చూడలేదు.

మన ప్రాంతంలో బండకు కరువు లేదు. నల్లటి కడప బండ చవగ్గా వస్తుంది, చూడటానికీ బాగుంటుంది. కానీ ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు ఎండ నలభై దాటుతుంది. నల్ల బండ మీద మధ్యాహ్నం కాలు పెట్టలేం. చెప్పులు లేకుండా నడిచేవాళ్ళు మన ఆసుపత్రుల్లో చాలామంది. అందులో షుగర్ వల్ల పాదాలు మొద్దుబారినవాళ్ళకు కాలుతున్న సంగతే తెలియదు. సాయంత్రానికి బొబ్బ కనిపించాక తెలుస్తుంది, ఆ బొబ్బ మానడానికి నెలలు పడుతుంది. గుడి ప్రదక్షిణలు చేసి ఇలా కాళ్ళు కాల్చుకున్నవాళ్ళు వేసవిలో వస్తూనే ఉంటారని డాక్టరమ్మ చెప్పారు. కాబట్టి నంద్యాల జిల్లా బేతంచెర్ల నుంచి లేత రంగు నాపరాయి, పాలిష్ పట్టనిది, తెప్పించాం. పాలిష్ పట్టిన బండ తడిస్తే జారుతుంది కూడా. దారిలో ఎక్కువ భాగం నీడలో ఉండేట్టు మలుపులు తిప్పాం.

ఇదే కారణంతో అక్యుప్రెషర్ ట్రాక్ వద్దన్నాను. ఈమధ్య ప్రతి పార్కులో గులకరాళ్ళు పొదిగిన దారి ఒకటి పెడుతున్నారు. ఒక దాత ప్రత్యేకంగా దానికే డబ్బిస్తానన్నారు. స్పర్శ తెలియని పాదానికి గులకరాయి గుచ్చుకుంటే పుండు పడుతుంది. డయాలసిస్‌కు వచ్చేవాళ్ళలో షుగర్ వాళ్ళు ఎంతమందో చూస్తే ఆ ట్రాక్ అక్కడ ఉండకూడదని ఎవరికైనా అర్థమవుతుంది. దాత గారికి విషయం చెబితే మంచి మనసుతో ఒప్పుకుని ఆ డబ్బు కుర్చీలకు ఇచ్చారు.

దారి వెడల్పు ఆరడుగులు, రెండు వీల్‌చైర్లు ఎదురుబొదురుగా వచ్చినా ఆగనక్కర లేకుండా. వాలు ఇరవై అడుగులకు ఒక అడుగు మించలేదు. దారి తిరిగి బయల్దేరిన చోటికే వస్తుంది. ఎటు పోయినా దారి మూసుకుపోదు, వెనక్కి తిప్పుకోవాల్సిన పని లేదు. మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళకు ఇది ముఖ్యమని ఫిజియోథెరపిస్ట్ చెప్పాడు. పది మీటర్లకొకచోట బండ మీద గుర్తు పెట్టమని కూడా ఆయనే అడిగాడు. నిన్న మూడో గుర్తు దాకా, ఈరోజు నాలుగో గుర్తు దాకా అని పేషెంటే లెక్కపెట్టుకుంటాడని. ఒక మూల రెండు మెట్లు, కొంచెం ఏటవాలు, కొంచెం ఇసుక నేల, పక్కనే పట్టుకోవడానికి కమ్మీలు పెట్టాం. పక్షవాతం వచ్చినవాళ్ళు ఇంటికి పోయాక గచ్చు మీదే నడవరు, పొలంగట్టు మీద కూడా నడవాలి. ఆ అభ్యాసం ఇక్కడే చేయిస్తున్నారు.

కుర్చీలకు చేతులు తప్పనిసరిగా ఉండాలి. చేతుల్లేని బెంచీ మీద కూర్చున్న ముసలివాళ్ళు లేవలేరు. ఎత్తు పద్దెనిమిది అంగుళాలు. వీపు వెనక గోడో, గుబురు మొక్కో ఉండాలి. దిగులుతో ఉన్న మనిషి వెనక నుంచి ఎవరో నడిచిపోతుంటే స్థిమితంగా కూర్చోలేదు. ఐసీయూ పక్కన ఒక మూల ఇలాంటివి రెండు మాత్రమే పెట్టి, కూర్చుంటే తల కనపడనంత ఎత్తున నందివర్ధనం వరస పెంచాం. నిలబడితే అవతల సిస్టర్లకు కనిపిస్తారు. ఏడవడానికి ఒక చోటు కావాలని ఏ ప్లానులోనూ రాయరు. కానీ నేను చూసిన రోజుల్లో జనం బాత్రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చేవారు.

మొక్కల ఎంపికలో ఏవి పెట్టాలో కంటే ఏవి పెట్టకూడదో ముందు తేల్చుకున్నాం. గన్నేరు మొదట పోయింది. నీళ్ళు తక్కువ తాగుతుంది, హైవే డివైడర్ల మీద అందంగా పూస్తుంది కాబట్టి అందరూ అదే అడిగారు. కానీ ఎర్ర గన్నేరైనా పచ్చ గన్నేరైనా నిలువెల్లా విషం, గుండె మీద పనిచేసే విషం. పిల్లలు తిరిగే చోట, బాధలో ఉన్నవాళ్ళు తిరిగే చోట ఉండరాదు. రోడ్ల పక్కన అందం కోసం పెంచే కోనోకార్పస్ చెట్టు వద్దన్నాం, గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడమే నిషేధించింది. ఏడాకుల పాల పూసినప్పుడు రాత్రిపూట ఘాటు వాసన. ఉబ్బసం వాళ్ళున్న చోట అది పనికిరాదు. నేరేడు నాకు ఎంతో ఇష్టమైన చెట్టు, అయినా నడక దారి పక్కన పెట్టలేదు. పండ్లు రాలి, నలిగి, కాలు జారుతుంది. వయ్యారిభామ తనంతట తనే మొలుస్తుంది. పూత రాకముందే చేతులకు తొడుగులేసుకుని వేళ్ళతో సహా పీకించాలని మాలికి మొదటి రోజే చెప్పాం.

వాసన గురించి కూడా ఇక్కడే చెప్పాలి. తోట అనగానే మల్లె, సన్నజాజి కావాలంటారు. కీమో తీసుకుంటున్నవాళ్ళకు మామూలు కూర వాసనకే వాంతి వస్తుంది, మల్లె వాసన కూడా అలాగే అవుతుంది. ఇంకో సంగతి, వాళ్ళలో తెల్ల రక్తకణాలు తగ్గినప్పుడు తడి మట్టిలో, కుళ్ళిన ఆకుల్లో ఉండే బూజు కూడా ప్రమాదమే. మైక్రోబయాలజీ డాక్టర్ గారు ఈ విషయంలో నాతో చాలాసేపు కూర్చున్నారు. కీమో వార్డు కిటికీ ఎదుట వాసన లేని మొక్కలు, మట్టి బయటికి కనపడకుండా పైన గులకరాళ్ళు, దగ్గర్లో ఎక్కడా కంపోస్టు గుంత లేకుండా చూశాం. వాళ్ళకు అది చూసే తోట, అడుగుపెట్టే తోట కాదు. ఫౌంటెన్ కూడా ఆయన మాట మీదే ఆగిపోయింది. తుంపర్లుగా లేచే నిలవ నీటిలో న్యుమోనియా తెచ్చే లీజియోనెల్లా అనే బాక్టీరియా ఉండొచ్చు, నిలిచిన నీటిలో దోమలు ఎలాగూ ఉంటాయి. పావురాలకు జొన్నలు వేసే అలవాటు కూడా మాన్పించాం, వాటి రెట్టల్లోంచి కూడా బూజు జబ్బులు వస్తాయి.

మరి ఏం పెట్టాం? పాత వేపచెట్టును కదిలించలేదు. ప్లాన్లో దారి దాని చుట్టూ తిరిగింది. మిగతా నీడకు ఎక్కువగా కానుగ. ఎండాకాలం మొదట్లో ఆకు రాల్చినా చూస్తుండగానే లేత ఆకు వేసుకుంటుంది, మే నెలలో చిక్కటి నీడనిస్తుంది. ఉప్పు నీళ్ళకు ఓర్చుకుంటుంది. రాయలసీమలో దానికి మించిన నీడ చెట్టు లేదని నా నమ్మకం. రెండు రేల చెట్లు వార్డు కిటికీల ఎదుట, వేసవిలో పసుపుపచ్చగా వేలాడే పూల కోసం. పొగడ నెమ్మదిగా పెరుగుతుంది, ఇంకో పదేళ్ళ తర్వాత వచ్చేవాళ్ళకు. ఎముకల వార్డు వైపు, అంటే కీమో వార్డుకు దూరంగా, నడుమెత్తు తొట్లలో తులసి, మరువం, నిమ్మగడ్డి, కరివేపాకు. వీల్‌చైర్‌లో కూర్చుని కూడా చెయ్యి చాపి ఆకు నలిపి వాసన చూడొచ్చు. వ్యవసాయం చేసుకునే ఆడవాళ్ళు, చేతులు ఊరికే ఉంచుకోలేనివాళ్ళు, అక్కడ నిలబడి ఎండాకులు గిల్లుతుంటారు. ఎవరూ వాళ్ళకు చెప్పలేదు. కింద గుబురు పొదలు పెట్టకుండా, కంచె మొక్కలకు అడుగు భాగం ఒక అడుగు మేర ఖాళీగా ఉంచాం, పాము దూరితే కనపడాలి కాబట్టి. కడియం నుంచి తెప్పించిన మొక్కలను నేరుగా నాటలేదు. గోదావరి తేమలో పెరిగినవి మన ఎండకు బెదిరిపోతాయి. షేడ్ నెట్ కింద ఉంచి, ఎండ కొద్దికొద్దిగా పెంచి, వానలు మొదలయ్యాక నేలలో పెట్టాం. చెట్లు ఎదిగేదాకా నీడ కోసం ఆగలేం కాబట్టి ఇనుప పందిళ్ళు వేసి శంఖుపూల తీగ ఎక్కించాం.

నీళ్ళ సంగతి మొదటి నుంచీ అందరికీ టెన్షనే. లాన్ వేస్తే వేసవిలో చదరపు మీటరుకు రోజుకు ఐదారు లీటర్లు కావాలి. ఆసుపత్రికే ట్యాంకర్లు తెప్పించే నెలల్లో గడ్డికి నీళ్ళు పోయడం నా వల్ల కాదు. డయాలసిస్ యూనిట్ చూడబోతే అక్కడ జవాబు దొరికింది. ఒక మనిషికి నాలుగు గంటల డయాలసిస్‌కు దాదాపు 120 లీటర్ల శుద్ధమైన నీరు కావాలి. ఆ నీరు తయారు చేసే ఆర్వో ప్లాంటు బోలెడంత నీటిని పక్కకు వదిలేస్తుంది. అది పేషెంటును తాకిన నీరు కాదు, ప్లాంటు వదిలేసిన నీరే. అన్నేళ్ళుగా అది నేరుగా కాలువలో కలిసిపోతోంది. పైపు తిప్పి సంపులోకి మళ్ళించాం. అందులో ఉప్పు ఎక్కువ. ఉప్పు ఎంతుందో టీడీఎస్ మీటరుతో చూసుకుంటూ ఏసీల నుంచి కారే నీళ్ళు, బోరు నీళ్ళు కలిపి డ్రిప్‌లో వదులుతున్నాం. వేప, కానుగ, కాగితం పూలు దాంతో హాయిగా పెరుగుతున్నాయి. మందారం, తులసి తట్టుకోలేవు, వాటికి వేరే పైపు. వానాకాలంలో మంచి వాన పడితే ఉప్పు కడుక్కుపోతుంది. వాన తక్కువైన ఏడు మట్టి పరీక్ష చేయించాల్సిందే. పల్లంలో నీరు ఇంకేలా తోట కొంచెం దించుదామన్న ఆలోచన కూడా వచ్చింది గానీ, 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఊళ్ళోకి వచ్చిన సంగతి చూసినవాళ్ళ ముందు పల్లపు తోట అనే మాట ఎత్తలేం. తోట నేల మట్టంకంటే కాస్త ఎత్తులోనే ఉంది.

వేపచెట్టు చుట్టూ కట్ట కట్టించడం గురించి ఎక్కువ వాదన జరిగింది. మన జనానికి కుర్చీ కంటే కట్ట ఇష్టం. కాళ్ళు ముడుచుకుని కూర్చోవచ్చు, నలుగురూ కలిసి క్యారియర్ విప్పుకోవచ్చు, నడుం వాల్చవచ్చు. కట్ట కడితే అక్కడే తింటారు, పడుకుంటారు, గలీజు చేస్తారు అని మేనేజ్‌మెంట్ భయం. తింటారు, పడుకుంటారు, నిజమే. కానీ వాళ్ళు ఇప్పుడు కూడా తింటున్నారు, బైకుల మధ్య కూర్చుని. ఆపరేషన్ థియేటర్ బయట ఆరు గంటలు నిలబడ్డ మనిషి రొట్టె ముక్క ఎక్కడ తినాలి? మేం చేసిందల్లా ఆ పనులకు చోటు చూపించడమే. కట్టకు దగ్గర్లో చేతులు కడుక్కునే కొళాయిలు, మూత ఉన్న డబ్బాలు, బట్టలు ఆరేసుకోవడానికి తీగలు. అవి వచ్చాక కంచె మొక్కల మీద చీరలు ఆరేయడం ఆగిపోయింది, కుక్కలూ తగ్గాయి. పొద్దునపూట మాలి ఊడ్చేసరికి కట్ట శుభ్రంగా ఉంటుంది. పక్కన కొంత చదును నేల ఏ బోర్డూ పెట్టకుండా ఖాళీగా వదిలాం. సాయంత్రం కొందరు చాప పరుచుకుని నమాజ్ చేసుకుంటారు. వేప మొదట్లో ఎవరో పసుపు రాసిన రాయి పెట్టారు. ఎవరి మొక్కు వారిది.

పిలుపు విషయానికి మైకు పెట్టించాం. ఐసీయూ, ఆపరేషన్ థియేటర్, ల్యాబ్, మూడు చోట్ల నుంచీ మాట కట్ట దగ్గరా, పందిళ్ళ కిందా వినిపిస్తుంది. పెద్ద గొంతు స్పీకర్లు కాదు, చిన్నవి, తక్కువ సౌండుతో ఎక్కువ చోట్ల. మొదట్లో సిస్టర్లు పేషెంటు పేరు, జబ్బు అన్నీ మైకులో చెప్పేసేవారు. డాక్టరమ్మ అది మాన్పించి, "పన్నెండో నంబర్ తాలూకు రండి" అని మాత్రం చెప్పాలన్నారు. చెడ్డ కబురు ఎప్పుడూ మైకులో చెప్పరాదు, మనిషిని పంపాలి, అది కూడా ఆమె పెట్టిన నియమమే. మైకు పనిచెయ్యడం మొదలైన వారంలోనే వెనక మెట్లు ఖాళీ అయ్యాయి. అంతకుముందు పందిళ్ళు వేసి, కుర్చీలు పెట్టి, మొక్కలన్నీ నాటాక కూడా జనం మెట్లు వదల్లేదు. మైకు వచ్చాకే వదిలారు.

సిస్టర్లు తమకు వేరుగా ఒక చిన్న జాగా అడిగారు, పేషెంటు తాలూకు వాళ్ళ కంటపడనిది. టీ తాగే పది నిమిషాల్లో కూడా ఎవరో ఒకరు వచ్చి రిపోర్టు చూడమంటే వాళ్ళకు విశ్రాంతి ఏది? స్టోర్ రూమ్ వెనక రెండు కుర్చీలు, ఒక కానుగ నీడ ఇచ్చాం. స్థలం చిన్నదే, కానీ ఆసుపత్రిలో ఎక్కువగా వాడుతున్న జాగా అదేనేమో.

ఇప్పుడు జరుగుతున్న పని ఇంకోటి. ఎముకల వార్డులో కాలికి బరువు కట్టి వారాల తరబడి పడుకున్నవాళ్ళూ, ఇక మందులు పనిచెయ్యవని తెలిసినవాళ్ళూ మంచంతో సహా బయటికి రావాలని అడుగుతున్నారు. వార్డు నుంచి తోటలోకి ఉన్న తలుపు మూడడుగులు, మంచం పట్టాలంటే కనీసం నాలుగు కావాలి. గోడ పగలగొట్టి జోడు తలుపులు పెట్టడానికి ట్రస్టు ఒప్పుకుంది. బయట మూడు మంచాలు ఆగేంత గట్టు, దాని మీద పందిరి, గోడకు ఒక ఆక్సిజన్ పాయింటు, సిస్టర్‌ను పిలిచే బెల్లు డ్రాయింగులో పెట్టాను. గట్టు పడమర వైపు ఉంది, కాబట్టి సాయంత్రం ఎండ నేరుగా కళ్ళలో పడుతుంది. పడుకున్న మనిషి ముఖం పక్కకు తిప్పుకోలేడు. ఆ వైపు ఎంత కిందిదాకా తడికె దించాలి, దించితే చెట్లు కనపడతాయా లేదా అన్నది మంచం మీద పడుకుని మళ్ళీ చూసుకోవాలి. దసరా తర్వాత గోడ పని మొదలుపెడతారు.